మొదటిసారి ములాఖత్‌కు వెళ్తున్నారా? జైలు లోపలికి ఇవి తీసుకెళ్లకండి

తమ్ముణ్ని చూడటానికి మొదటిసారి జైలుకు వెళ్తున్నానని, లోపలికి ఏమేం తీసుకెళ్లకూడదో చెప్పమని అడిగారు. నియమాలు ఒక్కో జైలుకు ఒక్కోలా ఉంటాయి కాబట్టి ముందు రోజే ఫోన్ చేసి కనుక్కోండి. సాధారణంగా గుర్తింపు కార్డు, ములాఖత్ అనుమతి కాగితం అడుగుతారు, ఇంకేమైనా కావాలేమో ఆ ఫోన్‌లోనే అడగండి. సామాన్లు పెట్టుకోవడానికి లాకర్ ఉంటుందన్న ధైర్యంతో బయల్దేరకండి, అన్నిచోట్లా ఉండదు.

ఫోన్ స్విచాఫ్ చేసినా లోపలికి ఒప్పుకోరు. సిమ్, మెమరీ కార్డు, చార్జర్, ఇయర్‌ఫోన్లు కూడా ఫోన్ కిందికే వస్తాయి. ఎక్కువమంది మర్చిపోయేది చేతికున్న స్మార్ట్‌వాచీనే. లోపలి నుంచి సాక్షుల్ని బెదిరించడం, బయట పనులు నడిపించడం ఫోన్‌తోనే జరుగుతుంది. అందుకే దాన్ని లోపలికి చేరవేయడం చాలాచోట్ల విడిగా ఒక నేరం.

డబ్బు చేతికి ఇవ్వకండి. లోపల నగదు ఉంటే అప్పులు, బెదిరింపులు మొదలవుతాయి, చివరికి ఇబ్బందిపడేది మీ తమ్ముడే. ఖైదీ ఖాతాలో జమ చేసే పద్ధతి ఉంటే అదే వాడి రసీదు దాచుకోండి.

సిగరెట్లు, లైటర్, మద్యం, బ్లేడు, గాజు వస్తువులు కూడదని అందరికీ తెలుసు. చూయింగ్ గమ్ ఎందుకు వద్దంటారో మాత్రం చాలామందికి అర్థం కాదు. దాంతో తాళం రంధ్రం మూసేయొచ్చు, తాళంచెవి అచ్చు తీయొచ్చు. అల్యూమినియం ఫాయిల్ మత్తుమందు కాల్చడానికి పనికొస్తుంది.

కాగితాల విషయంలో అన్నిటికన్నా జాగ్రత్త అవసరం. కృత్రిమ మత్తుమందుల ద్రావణాన్ని కాగితం మీద చల్లి ఆరబెడితే కంటికేమీ కనిపించకపోవచ్చు. అందుకే కొన్ని జైళ్లలో ఉత్తరాల అసలు కాగితం కాకుండా నకలు ఇస్తారు. పిల్లలు వేసిన బొమ్మ ఇవ్వాలనుకుంటే స్టిక్కర్లు, మెరుపుల పొడి, జిగురు లేకుండా వేయించి, ములాఖత్‌లో చేతికివ్వకుండా పోస్టులో పంపండి.

బట్టలు ఇవ్వనిస్తారో లేదో ముందు అడగండి. ఇవ్వనిస్తే కాలర్, నడుంపట్టీ, అంచుల మడతలు, ప్యాంటు జేబులు తిరగేసి ఒక్కొక్కటీ తడిమి చూడండి. సోదాలో వాళ్లు తడిమేదీ అక్కడే. టోపీ ఉన్న జాకెట్లు, లాగి కట్టే తాళ్లున్నవి, సిబ్బంది యూనిఫాం రంగులో ఉన్నవి వెనక్కి రావచ్చు.

మీరు వేసుకునే బట్టల్లో లోహం ఎంత తక్కువుంటే అంత మంచిది. బెల్టు బకిల్, హెయిర్‌పిన్నులు, తీగ ఉన్న బ్రా మెటల్ డిటెక్టర్ దగ్గర మోగుతాయి. ఇంకొకరి జాకెట్టు, బ్యాగు అడిగి తీసుకోకండి. ఏ జేబులో ఏముందో మీకు తెలియదు, వాళ్లు వాడిన మత్తుమందు వాసన బట్టకు పట్టి ఉన్నా సోదా చేసే కుక్క పసిగట్టొచ్చు. అప్పుడు మీ తప్పేమీ లేకపోయినా ములాఖత్ రద్దు కావచ్చు, లేదా అద్దం అవతలి నుంచి మాట్లాడమనవచ్చు.

తమ్ముడికి కావలసిన మందులు మీరు తీసుకెళ్లకండి. అతని మందుల చీటీ గురించి జైలు డాక్టరుకు చెప్పండి. ఇన్‌హేలర్, ఇన్సులిన్ లాంటివి మీకే అవసరమైతే అసలు ప్యాకెట్‌లోనే, డాక్టరు చీటీతో, ఆ పూటకు సరిపడా మాత్రమే పెట్టుకుని, గేటు దగ్గర సోదాకు ముందే చూపించండి. చంటిబిడ్డ ఉంటే ఒకట్రెండు డైపర్లు, ఒక పాలసీసా పారదర్శకమైన కవర్‌లో పెట్టుకోండి. అంతకన్నా ఎక్కువైతే కష్టమే.

గేటు బయట ఎవరైనా "మావాడికి ఈ పొట్లం ఇచ్చేయండి" అని బతిమాలితే తీసుకోకండి, అది ఎంత చిన్నదైనా సరే. లోపలున్న మనిషే ఫలానాది తెమ్మని అడిగితే, అతని మీద వేరేవాళ్ల ఒత్తిడి ఉందేమోనని అనుమానించండి. తేకుండా, ఆ సంగతి లాయరుకు చెప్పండి.

ఇంత జాగ్రత్తపడ్డా క్యూలో నిలబడ్డాక జేబులో ఏదో తగిలిందనుకోండి. దాన్ని గోడ పక్కన విసిరేయకండి, చెత్తబుట్టలో వేయకండి, చెప్పుల్లో దాచకండి. సోదా మొదలవకముందే సిబ్బందికి చూపించి, మర్చిపోయానని చెప్పండి. మామూలు వస్తువైతే చాలావరకు దాన్ని బయట పెట్టి రమ్మంటారు, లేదా ఆ రోజుకు వెళ్లిపొమ్మంటారు. అదే సోదాలో వాళ్ల చేతికి దొరికితే దాచి తెచ్చారని రాసుకోవచ్చు.