మినిమమ్ బ్యాలెన్స్ పెనాల్టీతో ఖాతా మైనస్‌లోకి వెళ్తే కట్టాలా?

అన్నా, ఉద్యోగం మారాక అమీర్‌పేట బ్రాంచిలోని శాలరీ అకౌంట్ అలాగే వదిలేశారు. ఇప్పుడది మినిమమ్ బ్యాలెన్స్ లేదంటూ కోసి కోసి మైనస్ 1,400 చూపిస్తోంది, కడితేనే క్లోజ్ చేస్తామంటున్నారు. ఇదే కదా మీ టెన్షన్?

తొందరపడి కట్టకండి. కేవలం ఈ పెనాల్టీల వల్ల సేవింగ్స్ ఖాతా మైనస్‌లోకి పోకూడదని ఆర్బీఐ 2014లోనే చెప్పింది, 2015 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. పైగా బ్యాలెన్స్ తగ్గిందని ముందే తెలియజేసి, సరిచేసుకోవడానికి కనీసం నెల గడువివ్వాలి. ఆ మెసేజ్‌లు మీ పాత నంబరుకు పోయాయేమో చూసుకోండి, మెలిక పెట్టేది అక్కడే.

కౌంటర్ దగ్గర వాదించి లాభం లేదు. నేనూ ఒకసారి ఇలాంటి కోతకే రెండు పూటలు సెలవు పెట్టి తిరిగాను. "సిస్టమే తీసుకుంటుంది సార్" అన్న మాట తప్ప ఏమీ రాలేదు. స్టేట్‌మెంట్ జతచేసి బ్యాంకుకే మెయిల్ పెట్టండి, కంప్లయింట్ నంబర్ తప్పకుండా అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బ్యాంకులపై ఫిర్యాదులు తేల్చే ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. ఎలా పెట్టాలో తెలియకపోతే 14448కి ఫోన్ చేయండి.