పట్టుకున్న చేతికే దెబ్బ తగులుతుంది

వేసవి సెలవుల్లో మూడు కుటుంబాలు ఒకచోట కలుస్తున్నామని, పగలు ఆటలు, సాయంత్రం గ్రిల్, రాత్రికి టపాసులు ఉంటాయని రాశారు. మూడేళ్ల బాబు నుంచి పెద్దల దాకా ఎవరి చేతులకూ దెబ్బ తగలకుండా ఏం చూసుకోవాలని అడిగారు. నాలుగేళ్ల కిందట ఇలాంటి రోజే నా ఎడమచేతి చూపుడువేలు తెగింది. అందుకే కాస్త వివరంగా చెప్తాను.

ఆ రోజు ఇంటినిండా జనం. పుచ్చకాయ కోయడం నా వంతు. కూరలు కోసే పలక మీద చోటు లేక ఒక ముక్కను ఎడమ అరచేతిలో పెట్టుకుని, కత్తి మొనతో గుజ్జును తొక్క నుంచి వేరు చేస్తున్నాను. మా వదిన ఏదో అడిగితే తల తిప్పి జవాబు చెప్పాను. అంతే, కత్తి జారి వేలి మొదట్లో దిగింది. గాయం సెంటీమీటరు కూడా లేదు. కాసేపటికి రక్తం ఆగింది. ప్లాస్టర్ వేసుకుని మళ్లీ పనిలో పడ్డాను. సాయంత్రం గ్లాసు పట్టుకోబోతే మిగతా వేళ్లన్నీ ముడుచుకున్నాయి, అది మాత్రం కర్రలా నిలబడింది. చివర ఒక పక్క మొద్దుబారిపోయింది. వేలిని ముడిచే స్నాయువులు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లలాంటివి, వాటి పక్కనుండే నరం తెగాయని డాక్టర్ చెప్పారు. ఆపరేషన్, వేలు కదలకుండా పట్టి ఉంచే స్ప్లింట్, మూడు నెలల ఫిజియోథెరపీ. ఇప్పటికీ ఆ వేలు పూర్తిగా ముడుచుకోదు.

అరచేతి వైపు ఇవన్నీ చర్మానికి చాలా దగ్గరగా ఉంటాయి. పైన గాయం చిన్నదైతే లోపల కూడా చిన్నదే అనుకోవడానికి లేదు. చెయ్యి తెగితే, రక్తం ఆగాక ఒక్కో వేలిని ప్రతి కణుపు దగ్గరా మెల్లగా ముడిచి చాపి చూడండి. వేలికి రెండు పక్కలా తాకి స్పర్శ తెలుస్తోందో లేదో చూడండి. ఏ మాత్రం తేడా ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. రోజులు గడిచేకొద్దీ తెగిన స్నాయువు కొస వెనక్కి లాక్కుపోతుంది, కలిపి కుట్టడం కష్టమవుతుంది.

కోసేది ఏదైనా పలక మీదే కోయండి, చేతిలో కాదు. పలక జారకుండా కింద తడిగుడ్డ పరవండి. కత్తి పదునుగా ఉండాలి. మొద్దు కత్తికి బలం ఎక్కువ పెడతాం, జారితే ఆ బలమంతా పట్టుకున్న చేతి మీదే పడుతుంది. మా ఇంట్లో ఇప్పుడు కత్తి పట్టుకున్న మనిషిని ఎవరూ పలకరించరు.

టపాసుల్లో నాకు ఎక్కువ భయం కాకరపువ్వొత్తులంటేనే. చిన్నవే కదా అని పిల్లల చేతికి ఇచ్చేస్తాం. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి, ఆ మండే కొస 1000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఎర్రదనం పోయాక కూడా తీగ కాలుతూనే ఉంటుంది, ఆరిపోయిందనుకుని పిల్లలు ముట్టుకునేది అప్పుడే. పక్కనే బకెట్‌తో నీళ్లు పెట్టి, అయిపోయిన వెంటనే అందులో పడేయించండి. మీ చిన్నబాబు చేతికి మాత్రం అసలు ఇవ్వకండి, దూరం నుంచి చూస్తే చాలు. పేలే టపాసును చేతిలో వెలిగించి విసరడం పెద్దవాళ్లు చేసినా ఆపండి. వత్తి ప్రతిసారీ ఒకే వేగంతో కాలదు. పేలనిదాన్ని వెంటనే తీయబోవద్దు. కనీసం 20 నిమిషాలు ఆగి బాగా నీళ్లు పోయాలి.

టపాసుతోనైనా గ్రిల్‌తోనైనా చెయ్యి కాలితే ముందు ఉంగరాలు, గాజులు తీసేయండి. వాపు వచ్చాక అవి రావు. కుళాయి కింద చల్లని నీళ్లలో 20 నిమిషాలు ఉంచండి. ఐసు, టూత్‌పేస్ట్ పెట్టకండి.

ఆటలకు ముందు కూడా ఉంగరాలు తీయించండి. కంచెకో కొక్కేనికో తగులుకుంటే మనిషి బరువంతా ఆ ఒక్క వేలి మీద పడి చర్మం ఊడొచ్చేస్తుంది. తాడు లాగే ఆటలో తాడును చేతికి చుట్టుకోనివ్వద్దు. 1997లో తైపేలో జరిగిన ఒక భారీ తాడు పోటీలో తాడు తెగి ఇద్దరి చేతులు తెగిపోయాయి. దేవుడి దయవల్ల అలాంటిది జరగకూడదు గానీ, ఎవరికైనా వేలు తెగిపడితే దాన్ని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఆ సంచిని ఐసు మీద పెట్టి తీసుకెళ్లాలి. ఐసు నేరుగా తగలకూడదు.

పరుగులో చెయ్యి చాచి పడితే మణికట్టు సంగతి చూసుకోండి. బొటనవేలి మొదట్లో ఉండే గుంటలో నొక్కితే నొప్పిగా ఉంటే బెణుకని వదిలేయకండి. అక్కడి చిన్న ఎముక చిట్లినా మొదటి ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. అలాంటప్పుడు కట్టు వేసి, రెండు వారాల్లోపు మళ్లీ ఎక్స్‌రే తీసి చూస్తారు.

ఇక మీ బాబును ముంజేతులు పట్టుకుని గిరగిరా తిప్పొద్దని మామయ్యలకు, బాబాయిలకు ముందే చెప్పండి. ఐదేళ్లలోపు పిల్లలకు ఒక్కసారి గట్టిగా లాగినా మోచేతి దగ్గర ఎముక జారవచ్చు. ఎత్తుకోవాలంటే చంకల కింద పట్టుకుని ఎత్తాలి. ఆడుతూ ఆడుతూ ఏడుపందుకుని, చెయ్యి కదపకుండా ఒంటికి ఆనించుకుని కూర్చుంటే అదే అయ్యుండొచ్చు. మీరు లాగి సరిచేయకండి, చాలాసార్లు డాక్టర్ చేతిలో నిమిషంలో సర్దుకుంటుంది.