పాటలో గొంతు వాటా

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్నాడు. అక్కడొక పాత ఇంటి ముందు ఫొటో దిగి, ఆ ఇల్లు ‘అమెరికన్ ఫుట్‌బాల్’ అనే బ్యాండు ఆల్బమ్ అట్ట మీదిదని చెప్పి, వాళ్ళ పాటలు పంపాడు. 1999లో వచ్చిన ఆల్బమ్‌ను ‘ఈమో’ అంటున్నారు, 2019లో వచ్చినదాన్ని ‘పోస్ట్-రాక్’ అంటున్నారు. నాకు మాత్రం రెండూ ఒకే చేతుల మీదుగా వచ్చినట్టే వినిపిస్తున్నాయి. ఇంతకీ మారిందేమిటి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ చెవి సరిగ్గానే పట్టుకుంది. చిక్కంతా ఆ రెండు పేర్ల దగ్గరే ఉంది. 1980ల మధ్యలో వాషింగ్టన్ డీసీలో హార్డ్‌కోర్ పంక్ అనే వేగవంతమైన, ఆగ్రహం నిండిన రాక్ సంగీతం వాయించే కొందరు యువకులు లోకం మీది కోపాన్ని పక్కన పెట్టి, సొంత బాధను అంతే తీవ్రంగా పాడటం మొదలుపెట్టినప్పుడు ‘ఈమో’ అనే మాట పుట్టింది. ‘పోస్ట్-రాక్’ను 1994లో సైమన్ రేనాల్డ్స్ అనే విమర్శకుడు వాడుకలోకి తెచ్చాడు, గిటార్లు, డ్రమ్స్ వంటి రాక్ వాద్యాలనే పట్టుకుని, రాక్ పాట నడకను వదిలేసి, నాదపు పొరలు పేర్చుకుంటూ పోయే సంగీతానికి అది పేరు. అంటే మొదటిది పాడేవాడి మనసును బట్టి పెట్టిన పేరైతే, రెండోది వాద్యాల పనిని బట్టి పెట్టిన పేరు. ఒకే పాట రెండింటికీ చెందడానికి అడ్డేమీ లేదు.

మైక్ కిన్సెల్లా, స్టీవ్ హోమ్స్, స్టీవ్ లామోస్ అనే ముగ్గురు విద్యార్థులు 1997లో మీ అబ్బాయి ఉంటున్న చోటే ఈ బ్యాండు పెట్టారు. (పేరులో ఉన్న ఆటతో వీరి పాటలకు సంబంధమేమీ లేదు.) తొలి ఆల్బమ్‌లో మొదటి పాటను మళ్ళీ ఒకసారి, గొంతును పట్టించుకోకుండా వినండి. మామూలుగా ఈ-ఏ-డీ-జీ-బీ-ఈ అనే పాశ్చాత్య స్వరాలకు శ్రుతి చేసే గిటారు ఆరు తీగలను వీరు ఎఫ్-ఏ-సీ-జీ-సీ-ఈ అని మార్చారు. అందువల్ల వేలు పెట్టకుండా మీటినా తీగలన్నీ కలిసి ఒక నిండైన స్వరసముదాయంగా మోగుతాయి. పై తీగల మీద స్వరం నడుస్తున్నంతసేపూ ఖాళీ తీగల మోత, కచేరీలో వెనక తంబురా మోగినట్టు, అడుగున ఉండనే ఉంటుంది. రెండు గిటార్లలో దేనికీ పూర్తి బాణీ ఇవ్వలేదు. ఒకటి విడిచిన ఖాళీలో రెండోది మీటుతుంటే, ఆ రెండూ కలిసిన చోట మనకు బాణీ వినిపిస్తుంది. కొన్ని పాటల్లో డ్రమ్స్ వాయించే లామోసే ట్రంపెట్ కూడా ఊదాడు. ఎనిమిది నిమిషాల పాట ఒకదానిలో చాలాసేపు గిటార్లే నడిచి, గొంతు వచ్చాక కూడా నాలుగు ముక్కలనే తిప్పి తిప్పి పాడి ఊరుకుంటుంది. ఆల్బమ్‌లోని చివరి పాటలో గొంతే లేదు. పోస్ట్-రాక్ వీరికి ఇరవై ఏళ్ళ తరవాత అబ్బిందనడం అందుకే నాకు సరిగా తోచదు.

చదువులు పూర్తవడంతో 2000లో బ్యాండు ఆగిపోయింది. ఆ ఆల్బమ్ మాత్రం చేతులు మారుతూ కొత్త శ్రోతలను సంపాదించుకుంది. 2014లో దాన్ని తిరిగి విడుదల చేసినప్పుడు, మైక్ బంధువు నేట్ కిన్సెల్లాను బేస్ గిటారుకు చేర్చుకుని మళ్ళీ వేదికెక్కారు. 2016 నాటి రెండో ఆల్బమ్‌లో గొంతును ముందుకు తెచ్చి, వాద్యాలను వెనక్కి నెట్టారు. పాటలు బాగానే ఉన్నా, అవి మరెవరైనా చేయగలిగినవేనని నా అభిప్రాయం.

మీరు చెప్పిన 2019 నాటి మూడో ఆల్బమ్‌లో ఆ లెక్క సరిచేసుకున్నారు. తొలి ఆల్బమ్‌లో తొమ్మిది పాటలకు సుమారు 41 నిమిషాలు పడితే, ఇందులో ఎనిమిది పాటలే సుమారు 47 నిమిషాలు నడుస్తాయి. మొదటి పాట చిరుగంటల్లాంటి వైబ్రాఫోన్ మోతతో మొదలై, బేస్, డ్రమ్స్, గిటార్లు ఒకదాని తరవాత ఒకటి కుదురుకున్నాక గాని గాయకుడు మైక్ కిన్సెల్లా నోరు విప్పడు. స్లోడైవ్ బ్యాండుకు చెందిన రేచల్ గోస్వెల్, పారమోర్‌కు చెందిన హేలీ విలియమ్స్ వంటి వారు వేరే పాటల్లో గొంతు కలిపినా, వారిని అతిథి గాయనులుగా ఎత్తి చూపకుండా మరో వాద్యంలాగే కలుపుకొన్నారు. అట్ట మీద ఇల్లు పోయి పొగమంచు కమ్మిన పొలం వచ్చింది.

అలాగని ఈమో పోయిందా అంటే, లేదు. ఇరవై రెండేళ్ళ కుర్రవాడిగా విడిపోవడాల గురించి పాడిన మనిషే నలభై దాటి, ఇద్దరు పిల్లల తండ్రిగా, తన తాగుడు గురించి, కాపురం గురించి పాడుతున్నాడు. అప్పుడు గొంతు అందని స్వరాల కోసం సాగి కొంచెం పగిలేది. ఇప్పుడు అందే చోటే నిలబడి, మిగతాది గిటార్లకు అప్పగిస్తుంది. నన్నడిగితే బాధ ఎక్కువగా వినిపించేది ఇక్కడే.

మీ అబ్బాయి ఫొటో దిగిన ఇంటిని 2023లో బ్యాండువారు, వారి రికార్డు సంస్థ పాలీవినైల్, మరికొందరు మిత్రులు కలిసి కొనుక్కున్నారు. మీరు వెళ్ళేనాటికి ఉంటుందో కూల్చేస్తారో అన్న బెంగ అక్కర్లేదు.