ఎంపీహెచ్ సంగతి తర్వాత, ముందు స్టాటిస్టిక్స్ వదలొద్దని చెప్పండి

ప్రశ్న: మాది గాజువాక. స్టీల్‌ప్లాంట్‌లో చేస్తున్నాను, రిటైర్మెంటుకి ఇంకా మూడేళ్లుంది. మా అమ్మాయి బీఎస్సీ ఆనర్స్ స్టాటిస్టిక్స్ మూడో సంవత్సరం. ఇంటర్న్‌షిప్ కోసం అరకు వైపు ఒక రక్తహీనత సర్వే టీముతో రెండు నెలలు తిరిగొచ్చింది. అప్పట్నుంచీ ఒకటే పాట: "జనం ఆరోగ్యం బాగుపడే కార్యక్రమాల మీద రీసెర్చ్ చేస్తాను." చుట్టాలు డేటా సైన్స్ చేయించి బెంగళూరు పంపమంటున్నారు. ఒక కన్సల్టెంటు మాత్రం ఫలానా ప్రైవేటు యూనివర్సిటీలో ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చేయించండి, రెండేళ్లకి 7 లక్షలవుతుంది అన్నాడు. సీటు బ్లాక్ చేయడానికి 25 వేలు కట్టాం కూడా. ఇందులో నిజంగా ఉద్యోగం ఉందా? ఆడపిల్ల ఏజెన్సీ ఊళ్లు పట్టుకు తిరగడమేనా? అసలు డాక్టరు కాని పిల్ల ఆరోగ్యం మీద రీసెర్చ్ ఏం చేస్తుంది?

జవాబు: మీరు చివర్లో అడిగిన మాటే అన్నిటికన్నా ముఖ్యమైనదండీ. అది తేలితే సీటు, జీతం, తిరుగుడు వాటంతటవే తేలతాయి. అందుకే అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

అమ్మాయి చూసొచ్చిన రక్తహీనతనే తీసుకుందాం. ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5 (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే) ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అంతకు ముందు సర్వేలో అది 60 శాతం. అంటే దాదాపు ఉన్నచోటే ఉంది. ఐరన్ మాత్రలు కొత్తగా వచ్చినవేం కావు, అంగన్‌వాడీలోనూ బడిలోనూ ఏళ్ల తరబడి ఇస్తున్నారు. కానీ వికారంగా ఉందని మాత్ర పారేసేవాళ్లున్నారు. కడుపులో నులిపురుగులుంటాయి, ఏజెన్సీలో మలేరియా ఉంటుంది. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలిందే తినే కోడలు ఉంటుంది. చిన్నప్పుడే పెళ్లి, ఎడం లేని కాన్పులు. ఇన్ని కారణాలున్నప్పుడు మాత్ర ఒక్కటే ఇస్తే సరిపోదు కాబట్టి మాత్రతోపాటు తిండి, నులిపురుగుల మందు, ఇంటింటికీ వెళ్లి మాట్లాడటం, భర్తనూ అత్తనూ కూర్చోబెట్టడం అన్నీ కలిపి ఒక కార్యక్రమంగా చేస్తారు. దీన్నే సమగ్ర ఇంటర్వెన్షన్ అంటారు. రీసెర్చ్ పని ఆ తర్వాత మొదలవుతుంది. నిజంగా మార్పు వచ్చిందా? వస్తే ఏ భాగం వల్ల? ఎవరు చేస్తే వచ్చింది? ఎంత ఖర్చయింది? ప్రాజెక్టు జీపు వెళ్లిపోయాక కూడా నిలుస్తుందా? వీటికి జవాబు చెప్పేవాళ్లలో డాక్టర్లు కొందరే. స్టాటిస్టిక్స్, న్యూట్రిషన్, ఆంత్రోపాలజీ, సోషల్ వర్క్, సైకాలజీ చదివినవాళ్లు వాళ్ల పక్కనే కూర్చుని పనిచేస్తారు.

ఈ పని ఫలితం మీ వీధిలోకే వస్తుంది. కాన్పయిన ఇంటికి ఆశా కార్యకర్త మూడో రోజు, ఏడో రోజు, ఇలా 42వ రోజు వరకు వచ్చి బిడ్డను తూకం వేసి, ఒంటి వేడి చూసి వెళుతుంది కదా. దాని మూలం మహారాష్ట్రలోని గడ్చిరోలిలో ఉంది. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు అక్కడ 39 ఊళ్లలో గ్రామీణ మహిళలకే శిక్షణ ఇచ్చి, ఇంటి దగ్గరే పసిగుడ్డుల సంరక్షణ చేయించారు. మరో 47 ఊళ్లతో పోల్చి చూస్తే నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయి. 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయిన ఆ పనే 2011లో దేశమంతటా ఆశాల చేతికి వచ్చింది. ఆ ఊళ్లను చీటీలు వేసి విడదీయలేదని గణాంక నిపుణులు పట్టుకునే లోపం ఒకటుంది. మీ అమ్మాయిని అడగండి, అదెందుకు ముఖ్యమో చెబుతుంది. చెప్పలేకపోతే ఈ వేసవిలో నేర్చుకోవాల్సిన మొదటి పాఠం అదే.

ఇక బిహార్. నలందా జిల్లాలో 70కి పైగా ప్రభుత్వ హైస్కూళ్లలో సెహర్ అనే ప్రయోగం చేశారు. పిల్లల మానసిక ఆరోగ్యం, బెదిరింపులు, బడి వాతావరణం ఇలా అన్నిటినీ కలిపిన ఒకే కార్యక్రమం. కొన్ని బళ్లలో దాన్ని బయటినుంచి పెట్టిన, వృత్తి నిపుణులు కాని మామూలు కౌన్సిలర్ నడిపారు, కొన్నిట్లో అదే బడి టీచరు నడిపారు. కౌన్సిలర్ నడిపినచోట బడి వాతావరణం బాగా మెరుగుపడింది, పిల్లల్లో దిగులు తగ్గింది. టీచరు నడిపినచోట చెప్పుకోదగ్గ తేడా లేదు. కాగితం మీద రెండూ ఒకటే. మన ప్రభుత్వాలు ఏ కొత్త పథకం తెచ్చినా ముందు టీచర్లకో, అంగన్‌వాడీ వాళ్లకో, ఆశాలకో అంటగడతాయి. అందుకే నా లెక్కలో ఇలాంటి ఒక్క ఫలితం పది సెమినార్ల పెట్టు.

అన్నీ కలిపేస్తే అంత మేలు అనుకోవడమూ పొరపాటే. బంగ్లాదేశ్‌లో అయిదున్నర వేల మంది గర్భిణులతో మొదలైన వాష్ బెనిఫిట్స్ అధ్యయనంలో నీళ్లు, మరుగుదొడ్డి, చేతులు కడగడం, పోషకాహారం విడివిడిగానూ కలిపీ ఇచ్చి చూశారు. పోషకాహారం ఇచ్చిన పిల్లలు కొంచెం ఎత్తు పెరిగారు. దానికి మిగతావన్నీ జోడించినా అంతకు మించి పెరగలేదు. మన పశ్చిమ గోదావరిలోనే 54 ఊళ్లలో ఆశాలకు ట్యాబ్ ఇచ్చి గుండెజబ్బు ముప్పున్నవాళ్లను గుర్తింపజేస్తే, డాక్టరు దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లేవాళ్లు పెరిగారు గానీ బీపీ అదుపులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నాలుగేళ్లు కష్టపడ్డాక "తేడా రాలేదు" అని రాసి, దాన్నీ ప్రచురించే ఓపిక మీ అమ్మాయికి ఉందా? ఈ వృత్తికి సరిపోతుందో లేదో చూడటానికి నేను మొదట అడిగేది ఇదే. సేవ చేయాలనే తపన ఒక్కటే ఉన్న పిల్లలు ఇక్కడే నీరుగారిపోతారు. వాళ్లకు సోషల్ వర్కో నర్సింగో నయం.

ఇప్పుడు స్టాటిస్టిక్స్ సంగతి. ఈ ప్రయోగాల్లో మనుషుల్ని కాక ఊళ్లను చీటీలు వేసి రెండు గుంపులు చేస్తారు. 20 ఊళ్లు, ఊరికి 50 మంది, మొత్తం వెయ్యి మంది అనుకోండి. కానీ ఒకే ఊరివాళ్లు ఒకే బావి నీళ్లు తాగుతారు, ఒకే సంతలో కొంటారు, ఒకే ఆశా మాట వింటారు. ఒక వీధిలోనే 50 మందిని అడిగి ఊరంతటి ఫలితం చెప్పే ఎగ్జిట్ పోల్‌ని మనం నమ్మం కదా, ఇదీ అంతే. ఒకే ఊరివాళ్ల మధ్య పోలికను ఐసీసీ అనే అంకెతో కొలుస్తారు. అది 0.05 ఉందనుకుంటే, ఒకటికి 49 సార్లు (ఊరికి 50 మందిలో ఒకరిని తీసేసి) 0.05 కలపాలి, 3.45 వస్తుంది. వెయ్యిని దానితో భాగిస్తే సుమారు 290. అంటే వెయ్యి మందిని కలిసినా, విడివిడిగా ఎంచిన 290 మందిని అడిగినంత సమాచారమే చేతికొస్తుంది. ఈ లెక్క రాక తక్కువ ఊళ్లతో మొదలుపెట్టి, చివర్లో ఏమీ తేల్చలేక చేతులెత్తేసిన ప్రాజెక్టులు చాలా ఉన్నాయి. ఫీల్డుకు వెళ్లి కొండ ఎక్కే పిల్లలు దొరుకుతారు, కంప్యూటర్ ముందు గణాంకాల మోడల్ వేసే పిల్లలూ దొరుకుతారు. రెండూ చేసేవాళ్లు తక్కువ. మీ అమ్మాయి దగ్గర ఆ రెండూ మొలకల్లో ఉన్నాయి.

అందుకే డిగ్రీ అవగానే 7 లక్షల ఎంపీహెచ్ వద్దంటున్నాను. ఎంపీహెచ్ చెడ్డదని కాదు. ఆ కోర్సులో అమ్మాయి పక్కన బీడీఎస్, ఫిజియోథెరపీ, నర్సింగ్ చేసి కొంత అనుభవంతో వచ్చినవాళ్లు కూర్చుంటారు. వాళ్లకు వృత్తి ఒకటి ముందే ఉంది, ఎంపీహెచ్ పైమెట్టు. అమ్మాయికి ఆ మొదటి మెట్టు స్టాటిస్టిక్స్. ఏపీపీజీసెట్ ప్రవేశ పరీక్ష రాసి ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చేస్తే ఇంటి దగ్గరే ఉంటుంది, మీ ఖర్చూ తక్కువ. బయటికి పంపే ధైర్యం ఉంటే ముంబైలో ఐఐపీఎస్ (అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ) వాళ్ల బయోస్టాటిస్టిక్స్, డెమోగ్రఫీ (జనాభా శాస్త్రం) ఎమ్మెస్సీ చూడండి. ఎన్ఎఫ్‌హెచ్ఎస్ నడిపే సంస్థ అదే. ఎంపీహెచ్చే కావాలని పట్టుబడితే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, జేఎన్‌యూ, టిస్ (టాటా సామాజిక శాస్త్రాల సంస్థ), చెన్నైలోని ఎన్ఐఈ (జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ), తిరువనంతపురంలోని శ్రీచిత్ర లాంటి ప్రభుత్వ సంస్థలు ముందు చూడాలి. ఒక్కోచోట ఒక్కో అర్హత అడుగుతారు. కొన్ని సీట్లకు వైద్య డిగ్రీయో అనుభవమో కావాలి. కాబట్టి బ్రోచర్‌ని కాదు, ఆ ఏటి నోటిఫికేషన్‌ని చదవండి.

డబ్బు దగ్గర దాపరికం వద్దు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ప్రాజెక్టుల్లో కింది స్థాయి టెక్నికల్ సపోర్ట్ పోస్టుకు నెలకు 18 వేలు, రెండో మెట్టుకు 20 వేలు, మూడోదానికి 28 వేలు, పైన ఇంటద్దె భత్యం. ఫస్ట్‌క్లాసులో పీజీ ఉంటే ప్రాజెక్ట్ రీసెర్చ్ సైంటిస్ట్-1కి 56 వేలు, దానికీ ఇంటద్దె అదనం. డిగ్రీతో ఆగినవాళ్లకూ పీజీ చేసినవాళ్లకూ ఉన్న ఆ అంతరం చూశారా? అందుకే పీజీ ఆపొద్దంటున్నాను. నెట్ అర్హత పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) తెచ్చుకుంటే నెలకు 37 వేలతో పీహెచ్‌డీ చేయొచ్చు. సోషల్ మెడిసిన్ అండ్ కమ్యూనిటీ హెల్త్ కూడా నెట్‌లో ఒక సబ్జెక్టే. స్వచ్ఛంద సంస్థల ప్రాజెక్టుల్లో జీతం ఇంతకంటే ఎక్కువా ఉంటుంది, బాగా తక్కువా ఉంటుంది. అయితే ఇవి చాలావరకు కాంట్రాక్టు ఉద్యోగాలు. ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగం అయిపోతుంది, తర్వాతది దొరికేదాకా ఖాళీ. మీరు రిటైరయ్యే ఏడే అమ్మాయికి ఆ ఖాళీ రావచ్చు. ఇంటి లోను అమ్మాయి జీతం మీద తీరాలనే లెక్క మీ మనసులో ఉంటే ఇప్పుడే ఆమెతో చెప్పండి. అలాంటప్పుడు కొన్నేళ్లు ఫార్మా ట్రయల్ డేటా కంపెనీల్లో బయోస్టాటిస్టిక్స్ చేసి ఇటు రావడం కూడా గౌరవమైన దారే, అక్కడ నేర్చిన పని ఇక్కడ అక్కరకొస్తుంది. సంబంధాలు చూసేవాళ్లకు "ప్రాజెక్ట్ సైంటిస్ట్" అని చెప్పండి చాలు, ఎక్కువ వివరించక్కర్లేదు!

ఏజెన్సీ తిరుగుడు జీవితాంతం ఉండదు. మొదటి రెండు మూడేళ్లు ఎక్కువ, తర్వాత పని డేటా ముందుకు మారుతుంది. చేరేముందు నాలుగు మాటలు అడగమనండి: ఇద్దరేసి పంపుతారా, బండి ఎవరిది, రాత్రి బస పాడేరులోనా ఊళ్లోనా, ఊరికి వెళ్లేటప్పుడు అక్కడి ఆశా వెంట ఉంటుందా. వానాకాలంలో అయితే మలేరియా జాగ్రత్తలేమిటో కూడా. తడబడకుండా జవాబు చెప్పిన సంస్థకు పంపొచ్చు. నసిగితే వద్దు.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ) టీకా అధ్యయనం ఒకటి జరిగింది. ఆశ్రమ పాఠశాలల్లో చాలామంది పిల్లల తరఫున తల్లిదండ్రుల బదులు వార్డెన్లూ హెడ్‌మాస్టర్లూ సమ్మతి కాగితాల మీద సంతకాలు పెట్టారు. 2010లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. కొందరు బాలికల మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణ కమిటీ చెప్పింది. అయినా సమ్మతి తీసుకున్న తీరును పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో గట్టిగా తప్పుబట్టింది. సాయంత్రం చీకటి పడుతుంటే, ఇంకా పది ఫారాలు మిగిలి ఉంటే, "ఇక్కడ వేలిముద్ర వెయ్యమ్మా" అనేసి ముగించాలనిపిస్తుంది. ఆ సర్వేలో సమ్మతి ఎలా తీసుకున్నారో, ఎవరైనా వద్దంటే ఏం చేశారో అమ్మాయిని అడిగి చూడండి. ఆమె చెప్పే జవాబు మీకు ఈ ఉద్యోగం గురించి నాకంటే ఎక్కువ చెబుతుంది.

ఈ రెండు మూడు నెలల్లో ఖర్చు లేకుండా చేయగలిగినవి ఉన్నాయి. ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఎన్ఐఈ వాళ్ల హెల్త్ రీసెర్చ్ ఫండమెంటల్స్ కోర్సు ఉచితం, పరీక్ష రాస్తేనే ఫీజు. గణాంకాల లెక్కలు చేసే ఆర్ (R) సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. సీటీఆర్ఐ (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) వెబ్‌సైట్‌లో మన దేశంలో రిజిస్టరైన ట్రయల్స్ అన్నీ ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో జరుగుతున్నవి వెతికి, ఒకదాన్ని తీసుకుని ఎన్ని ఊళ్లు, ఏం కొలుస్తున్నారు, ఎప్పుడు కొలుస్తున్నారో తన మాటల్లో ఒక పేజీ రాయమనండి. ఆ పేజీ పట్టుకుని ఏయూలోని పాపులేషన్ రీసెర్చ్ సెంటర్‌కీ, ఆంధ్రా మెడికల్ కాలేజీ కమ్యూనిటీ మెడిసిన్ విభాగానికీ వెళ్లి పని నేర్చుకుంటానని అడగాలి. ఉత్త బయోడేటాతో వెళితే "చూద్దాంలేమ్మా" అంటారు. చదివి రాసిన పేజీతో వెళితే కూర్చోబెడతారు. చాలామంది పిల్లలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు రికార్డును జిరాక్సు షాపులో కొనుక్కునే రోజులివి, సొంతంగా రాసింది చూడగానే తెలిసిపోతుంది.

ఇక ఆ 25 వేలు. రసీదు ఎవరి పేరు మీద ఉందో ముందు చూడండి. యూనివర్సిటీ ఇచ్చిన రసీదైతే అడ్మిషన్ రద్దు చేసుకుంటున్నామని ఈరోజే మెయిల్ పెట్టండి. యూజీసీ ప్రకటించే ఫీజు వాపసు నిబంధనలు ప్రైవేటు యూనివర్సిటీలకూ వర్తిస్తాయి, కానీ గడువు దాటితే కోత పడుతుంది. కన్సల్టెంటు సొంత ఖాతాలో వేసి ఉంటే ఆ నిబంధన మీకు అక్కరకు రాదు. అప్పుడు వాట్సాప్‌లో అతను ఇచ్చిన హామీలన్నీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని, డబ్బు వెనక్కి ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. రెండో విడత కట్టమని ఫోన్ చేస్తే మాత్రం కట్టకండి.