మా అబ్బాయి పుస్తకంలో పెన్సిల్ గీతలు

ప్రశ్న: మాది సికింద్రాబాద్. తాతల నాటి నుంచీ ఒకే క్రైస్తవ సంఘం. మా అబ్బాయికి 26 ఏళ్లు, మంచి ఉద్యోగం. కొన్ని నెలలుగా ఆరాధనకు రావడం లేదు. ఆదివారం వస్తే ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు వెతుక్కుంటూ తిరుగుతాడు. అక్కడ కొన్న ఇంగ్లిష్ రచయిత సి.ఎస్. లూయిస్ ఆత్మకథ వాడి గదిలో కనబడితే తెరిచాను. చిన్నప్పుడే విశ్వాసం పోయిందని రచయిత చెప్పిన చోటల్లా గీతలు! ఇప్పుడొక సంబంధం వచ్చింది. వాళ్లు అబ్బాయి విశ్వాసం గురించి పాస్టరుగారి ఉత్తరం అడుగుతున్నారు. నెలలో మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభు భోజనానికైనా రావలసిందేనని మావారు పట్టుబట్టారు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ఆ పుస్తకాన్ని మీరు మధ్యలో తెరిచి మధ్యలోనే మూసేశారు. 1955లో వచ్చిన ‘సర్‌ప్రైజ్డ్ బై జాయ్’ దేవుణ్ని ఎలా నమ్ముకున్నారో మీ సంఘంలో చెప్పే సాక్ష్యం లాంటిదే. తొమ్మిదేళ్ల వయసులో తల్లి క్యాన్సర్‌తో పోవడం, ఆమె కోసం చేసిన ప్రార్థన ఫలించకపోవడం, బడిలో ఉండగా విశ్వాసం జారిపోవడం, చివరికి 1929లో ఆక్స్‌ఫర్డ్‌లోని తన గదిలో మనసొప్పకుండానే మోకరించడం, అన్నీ ఉన్నాయి. అయితే ‘చూశావా, ఆయన తిరిగొచ్చాడు’ అని మాత్రం అబ్బాయితో అనకండి. పుస్తకంతోపాటు మీతో మాటలూ ఆపేస్తాడు.

మీవారు చదవాల్సిన భాగం వేరే ఉంది. లూయిస్ తన అవిశ్వాసాన్ని తండ్రికి చెప్పలేకపోయాడు. ఆ తండ్రి దుర్మార్గుడు కాదు, కొడుకులంటే ప్రాణం. కానీ ఏం చెప్పబోయినా సగంలోనే అందుకుని ఇంకేదో అర్థం చేసుకునే మనిషి. దాంతో 1914లో, నమ్మకం రవ్వంత లేకుండానే, లూయిస్ తన విశ్వాసాన్ని సంఘం ముందు ఒప్పుకునే కన్ఫర్మేషన్ తీసుకుని ప్రభు భోజనంలో పాలుపొందాడు. తాను చేసిన అతి నీచమైన పనుల్లో అదొకటని తర్వాత ఆయనే రాసుకున్నాడు. మీ అబ్బాయి ఆ పని చేయకుండా ఇంట్లో నిజాయతీగా ఉంటున్నాడు. మీరేమో దాన్నే చేయమంటున్నారు! అయోగ్యంగా ఆ రొట్టె తినకూడదని బైబిల్లో పౌలు కొరింథీయులకు రాసిన మాట మీరు ఎన్నిసార్లు విని ఉంటారో.

పుస్తకం తెరిచానని ముందు అబ్బాయికి చెప్పేయండి. ఆ వాక్యాల కింద ఎందుకు గీశావని అడగండి. అతను చెప్పడం ముగిసేదాకా వచనాలు ఎత్తుకోకండి. గీసిన మాటలన్నీ ఒప్పుకున్నట్టేం కాదు. నేనైతే పోట్లాడాలనిపించిన చోటే ఎక్కువ గీస్తాను.

ఇక సంబంధం. పాస్టరుగారు అడగ్గానే ఉత్తరం ఇస్తారనుకుందాం. పెళ్లయ్యాక మొదటి ఆదివారం ఆ అమ్మాయి ఒంటరిగా గుడికి బయలుదేరితే ఎవరిని నిలదీస్తుంది? ఉత్తరం మాట పక్కన పెట్టి, తన సంగతి అబ్బాయినే ఆమెకు చెప్పనివ్వండి. అది విని వాళ్లు వద్దంటే, పెళ్లికి ముందే తేలినందుకు సంతోషించండి. ఈలోగా మొదటి ఆదివారం పట్టుదల వదలమని మీవారికి చెప్పే పని మీదే. అబ్బాయి ఎదుట కాకుండా, విడిగా చెప్పండి.