గోల్ ఇద్దరిదీ ఒకటే, చెక్కు మాత్రం వేరు: అమెరికా సాకర్ వేతన వివాదంపై మీ ప్రశ్నలు

అమెరికా మహిళా సాకర్ జట్టు తమ ఫెడరేషన్ 'యూఎస్ సాకర్'పై చేసిన సమాన వేతన పోరాటం గురించి పాఠకులు అడిగిన ప్రశ్నల్లో కొన్నింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: మహిళలకే పురుషుల కన్నా ఎక్కువ డబ్బు ముట్టిందని 2020లో కోర్టే తేల్చింది కదా! మరి అన్యాయం ఎక్కడ జరిగినట్టు? లెక్క ఎంత చూసినా అర్థం కావడం లేదు.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: కోర్టు చెప్పిన అంకెలు నిజమే. 2019లో క్రీడాకారిణులు వేసిన దావా పరిధిలోకి వచ్చిన కాలంలో మహిళల జట్టు 111 మ్యాచ్‌లు ఆడి సుమారు 2 కోట్ల 45 లక్షల డాలర్లు సంపాదించింది. పురుషుల జట్టు 87 మ్యాచ్‌లకు సుమారు కోటీ 85 లక్షల డాలర్లు తీసుకుంది. సగటున మ్యాచ్‌కు మహిళల జట్టుకు 2,20,747 డాలర్లు, పురుషుల జట్టుకు 2,12,639 డాలర్లు పడ్డాయి.

ఇక్కడ చూడాల్సింది మొత్తమో సగటో కాదు, ఒక్కో గెలుపుకు ఇచ్చే రేటు. రోజుకు 500 రూపాయల కూలీకి నెలంతా పనిచేసినామెకు 15,000 వస్తాయి. రోజుకు 700 చొప్పున ఇరవై రోజులే పనికి వెళ్లినాయనకు 14,000 వస్తాయి. ఆమె చేతికి ఎక్కువ వచ్చింది కాబట్టి ఆమె కూలీ రేటే ఎక్కువ అనగలమా? ఆ కాలంలో అమెరికా మహిళలు 2015, 2019 ప్రపంచకప్‌లు రెండూ గెలిచారు. పురుషులు 2018 ప్రపంచకప్‌కు అర్హతే సాధించలేదు. రెండు కప్‌లూ గెలిచిన జట్టు మొత్తాన్ని అర్హత కోల్పోయిన జట్టు మొత్తం పక్కన పెడితే, అవి దాదాపు సమానంగా కనిపించడమే అసలు తేడాను చెబుతోంది.

రేటులో తేడా ఎంతో 2016లోనే బయటపడింది. జట్టు క్రీడాకారిణులు కార్లీ లాయిడ్, అలెక్స్ మోర్గన్, మెగన్ రపీనో, బెకీ సావర్‌బ్రన్, హోప్ సోలో కలిసి ఉద్యోగ వివక్ష ఫిర్యాదులు చూసే ప్రభుత్వ కమిషన్‌కు ఆ ఏడాది ఫిర్యాదు చేశారు. టోర్నీలో భాగం కాని ఫ్రెండ్లీ మ్యాచ్ గెలిస్తే మహిళకు 1,350 డాలర్ల బోనస్ వస్తుందని, డ్రా అయినా ఓడినా ఏమీ రాదని అందులో రాశారు. పురుషుడికి ఓడినా 5,000 వస్తాయి. గట్టి జట్టుపై గెలిస్తే 17,625 దాకా అందుతాయి.

అయితే కోర్టు వాదనను కొట్టిపారేయడం కూడా సరికాదు. రెండు ఒప్పందాల నిర్మాణమే వేరు. పురుషులకు ఫెడరేషన్ నుంచి నెలజీతం లేదు. పిలిస్తే, ఆడితే డబ్బు, లేకపోతే లేదు. వాళ్ల అసలు బతుకుతెరువు క్లబ్బుల్లో ఉంటుంది. మహిళల్లో కాంట్రాక్టు ఉన్నవాళ్లకు 2017 ఒప్పందం కింద ఏడాదికి లక్ష డాలర్ల స్థిర జీతం ఉండేది. దేశీయ లీగ్‌లో వాళ్ల క్లబ్ జీతాన్ని కూడా ఫెడరేషనే భరించేది. ఆరోగ్య బీమా, ప్రసూతి కాలంలో చెల్లింపు వంటివి వేరే ఉన్నాయి. ఆ భద్రత కోసం బోనస్‌లు తగ్గించుకున్నారు కాబట్టి, ఇప్పుడు పక్కవాళ్ల ఒప్పందంలోని బోనస్‌లు కూడా కావాలనడం కుదరదని జడ్జి గ్యారీ క్లౌస్నర్ 2020 మే 1న తీర్పునిచ్చారు. పురుషుల రేట్లతో కూడిన ఒప్పందాన్ని తమ ముందు ఎన్నడూ పెట్టలేదన్నది క్రీడాకారిణుల వాదన. మా దృష్టిలో ఈ వివాదానికి ఆయువుపట్టు అదే. ఇవ్వజూపనిదాన్ని వద్దనుకున్నారని అనడం న్యాయం కాదు.

ప్రశ్న: కోర్టులో ఓడిపోయాక 2 కోట్ల 40 లక్షల డాలర్లు ఎలా వచ్చాయి? ఓడిన పక్షానికి ఎవరైనా డబ్బు ఇస్తారా?
– న్యాయశాస్త్ర విద్యార్థిని, గుంటూరు

జవాబు: ఓడింది వేతనం భాగం మాత్రమే. 2019 మార్చి 8న, అంటే మహిళా దినోత్సవం నాడు, లాస్ ఏంజిలెస్ ఫెడరల్ కోర్టులో 28 మంది దావా వేసినప్పుడు రెండు చట్టాలను ఆధారం చేసుకున్నారు. ఒకటి 1963 నాటి సమాన వేతన చట్టం. రెండోది 1964 పౌరహక్కుల చట్టంలో ఉద్యోగ వివక్షను నిషేధించే ఏడో భాగం. వేతనంతో పాటు ప్రయాణాలు, హోటళ్లు, వైద్య సిబ్బంది, కృత్రిమ గడ్డి మైదానాల గురించీ ఫిర్యాదు ఉంది. 2014 నుంచి 2017 దాకా స్వదేశంలో మహిళలు ఆడిన 62 మ్యాచ్‌లలో 13 కృత్రిమ గడ్డి మీదే జరిగాయని దావాలో చూపించారు. పురుషులకు 49లో ఒక్కటే. ఆ గడ్డి మీద జారిపడితే చర్మం ఒలిచినట్టు లేచిపోతుంది, కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

గడ్డి మీది వాదనను జడ్జి ఒప్పుకోలేదు కానీ చార్టర్ విమానాలు, హోటళ్లు, సహాయక సిబ్బందికి సంబంధించిన ఫిర్యాదులను విచారణకు నిలబెట్టారు. 2020 డిసెంబరులో వాటిపై రాజీ కుదిరింది. మైదానాల ఎంపికను కూడా అందులో చేర్చారు. ఆ రాజీ తర్వాత వేతన తీర్పుపై అప్పీలుకు దారి తెరుచుకుంది. వెళ్లారు కూడా. అప్పీలు కోర్టులో వాదనలు మొదలవకముందే, 2022 ఫిబ్రవరి 22న ఫెడరేషన్ రాజీకి ఒప్పుకుంది. క్రీడాకారిణులకు 2 కోట్ల 20 లక్షలు, మిగిలిన 20 లక్షలు రిటైరయ్యాక వాళ్ల లక్ష్యాలు, మహిళల, బాలికల సాకర్‌కు సంబంధించిన సేవా కార్యక్రమాల కోసం ఒక నిధి. ఆ నిధి నుంచి ఒక్కొక్కరు 50,000 డాలర్ల దాకా అడగవచ్చు.

దావాలో వాళ్లు కోరింది 6 కోట్ల 60 లక్షల డాలర్లకు పైనే. దానితో పోలిస్తే వచ్చింది మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ. కానీ రాజీపత్రంలో అసలు విలువ ఇంకో షరతులో ఉంది. ఇకపై రెండు జట్లకూ సమాన రేట్లు ఇచ్చే కొత్త వేతన ఒప్పందం ఖరారైతేనే ఈ రాజీ చెల్లుతుందని రాసుకున్నారు. పాత బకాయిని భవిష్యత్తు రేటుతో ముడిపెట్టారు. మీరు న్యాయశాస్త్రం చదువుతున్నారు కాబట్టి ఆ షరతును ప్రత్యేకంగా గమనించండి. దావా వేసినప్పుడు కోర్టు ఇవ్వలేనిది కూడా రాజీలో రాయించుకోవచ్చు.

ప్రశ్న: మేముండేది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. ఇక్కడి స్టేడియంలోనే జట్టు జెర్సీలు తిరగేసి వేసుకుని నిరసన తెలిపిందని విన్నాం. ఎందుకు? మా అమ్మాయి క్లబ్ సాకర్ ఆడుతోంది. పెద్దయ్యాక జాతీయ జట్టుకు ఎంపికైతే ఇప్పుడు ఏ లెక్కన ఇస్తారు?
– ఒక తల్లి, ఫ్రిస్కో

జవాబు: 2020 మార్చి 11న, టొయోటా స్టేడియంలో జపాన్‌తో మ్యాచ్‌కు ముందు జరిగింది అది. అప్పటికి కొద్ది రోజుల ముందు ఫెడరేషన్ లాయర్లు కోర్టుకు ఇచ్చిన పత్రాల్లో, పురుషుల జట్టు ఆటకు ఎక్కువ వేగం, బలం, కాబట్టి ఎక్కువ నైపుణ్యం కావాలని వాదించారు. వార్మప్‌కు వచ్చినప్పుడు అమ్మాయిలు జెర్సీలను లోపలి వైపు బయటికి వచ్చేలా వేసుకున్నారు. ఫెడరేషన్ చిహ్నం కనపడలేదు. నాలుగు ప్రపంచకప్ విజయాల నాలుగు నక్షత్రాలు మాత్రం కనపడ్డాయి. మ్యాచ్ 3–1తో గెలిచారు. కోకాకోలా లాంటి స్పాన్సర్లు కూడా ఆ వాదనను బహిరంగంగా తప్పుపట్టారు. మరుసటి రోజే ఫెడరేషన్ అధ్యక్షుడు కార్లోస్ కోర్డేరో రాజీనామా చేశారు. ఆయన స్థానంలోకి వచ్చిన సిండీ పార్లో కోన్ ఒకప్పుడు ఇదే జట్టులో ఆడినావిడ.

ఇక మీ అమ్మాయి విషయం. 2022 మే 18న ప్రకటించిన ఒప్పందాలు సీనియర్ జట్లవి. వాటి ప్రకారం ఫ్రెండ్లీ మ్యాచ్‌లో ఫిఫా ర్యాంకింగ్‌లో మొదటి 25లో ఉన్న జట్టుపై గెలిస్తే 18,000 డాలర్లు, డ్రాకు 12,000. ఆ కిందివాళ్లపై గెలిస్తే 13,000, డ్రాకు 10,000. ఎవరిపై ఓడినా 8,000. అధికారిక టోర్నీల్లో గెలుపుకు 24,000 దాకా ఉంటుంది. అబ్బాయికీ అమ్మాయికీ ఇవే అంకెలు. టికెట్ల ఆదాయంలో, ప్రసార, స్పాన్సర్‌షిప్ ఆదాయంలో కొంత వాటా అదనం. శిబిరాలప్పుడు పిల్లల సంరక్షణ ఏర్పాటు మహిళల జట్టుకు చాలా ఏళ్లుగా ఉంది, ఇప్పుడు పురుషులకూ ఇస్తున్నారు.

అమ్మాయిల తల్లిదండ్రులు తరచూ గమనించనిది ఒకటుంది. పాత స్థిర జీతం ఇప్పుడు లేదు. ఫెడరేషన్ క్లబ్ జీతం భరించడమూ ఆగిపోయింది. గాయమై ఆరు నెలలు జట్టుకు దూరమైతే మ్యాచ్ ఫీజు రాదు. కాబట్టి క్లబ్ కాంట్రాక్టే ఆధారం. మహిళల లీగ్ ఎన్‌డబ్ల్యూఎస్‌ఎల్‌లో 2024లో కుదిరిన ఒప్పందం ప్రకారం కనీస జీతం 2025కి 48,500 డాలర్లు, ఏటా పెరుగుతూ 2030కి 82,500కు చేరుతుంది. డాలస్ చుట్టుపక్కల అద్దెలు మీకు తెలిసినవే, 48,500 ఎంతవరకు వస్తుందో మీరే అంచనా వేయగలరు. జాతీయ జట్టు ఫీజులు కొద్దిమందికే. కాంట్రాక్టు దాకా వస్తే గాయాల చెల్లింపు, బీమా నిబంధనలను జీతం అంకె కన్నా ముందు చదవండి.

ప్రశ్న: పురుషులు తమ ప్రపంచకప్ డబ్బులో సగం ఎందుకు వదులుకున్నారు? ఎవరైనా ఒత్తిడి చేశారా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తేడా పుట్టింది ఫిఫా దగ్గర. 2018లో పురుషుల కప్ గెలిచిన ఫ్రాన్స్‌కు 3 కోట్ల 80 లక్షల డాలర్లు. 2019లో గెలిచిన అమెరికా మహిళలకు 40 లక్షలు. ఫిఫా ఇవ్వనిది మేమెక్కడ తేగలం అన్నది ఫెడరేషన్ పాత సమాధానం. ప్రైజ్‌మనీని సమానం చేయని ఏ ఒప్పందం మీదా సంతకం చేయబోమని 2021 సెప్టెంబరులో కోన్ ప్రకటించడంతో అది మారిపోయింది. పురుషుల ఒప్పందం గడువు 2018 చివర్లోనే తీరిపోయి, వాళ్లు పాత రేట్లకే ఆడుతున్నారు. కాబట్టి ఒత్తిడి ఉంది. కానీ ఒత్తిడి ఒక్కటే కారణమంటే వాళ్లకు అన్యాయం చేసినట్టే. 2021 జులైలోనే పురుష ఆటగాళ్ల సంఘం మహిళల అప్పీలుకు మద్దతుగా కోర్టుకు తన వాదన సమర్పించింది.

లెక్క ఇలా నడుస్తుంది. 2022లో పురుషులు ఖతార్‌లో ప్రీక్వార్టర్స్ చేరారు, ఫిఫా నుంచి కోటీ 30 లక్షల డాలర్లు. 2023లో మహిళలూ ప్రీక్వార్టర్స్‌లోనే ఆగిపోయారు, 32.5 లక్షలు. కలిపితే కోటీ 62.5 లక్షలు. ఇందులో 10 శాతం ఫెడరేషన్‌కు. మిగిలిన 90 శాతం, అంటే కోటీ 46 లక్షల 25 వేలు, రెండు జట్లకూ సగం సగం. ఒక్కో జట్టుకు సుమారు 73 లక్షలు.

ఇంకో కోణంలో చూడండి. పురుషుల ప్రైజ్‌మనీ నుంచే మహిళల వాటా 58.5 లక్షలు. 2015, 2019 కప్‌లు రెండూ గెలిచినందుకు ఫిఫా ఇచ్చింది 20 లక్షలు, 40 లక్షలు, మొత్తం 60 లక్షలు. రెండుసార్లు జగజ్జేతలైతే వచ్చినంత, పక్క జట్టు ప్రీక్వార్టర్స్‌లో ఓడితే వచ్చింది. ఫిఫా పంపకం ఎంత వంకరగా ఉందో ఇంతకన్నా వివరించనక్కర్లేదు.

పురుషులకు మిగిలిందేమిటని అడగవచ్చు. పాత ఒప్పందంలో వాళ్లకూ ప్రైజ్‌మనీలో 90 శాతం రాలేదు. ఇప్పుడు శాతం పెరిగింది, ఆదాయంలో వాటా వచ్చింది. 2018లోలా మళ్లీ అర్హత తప్పితే మహిళల ప్రైజ్‌మనీ వాళ్లను ఆదుకుంటుంది. ఇది దానం కాదు, లాభనష్టాలు కలిసి మోయడం.

ప్రశ్న: ఇంత గొడవ జరిగితే సమ్మె ఎందుకు చేయలేదు?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ప్రయత్నించారు, చట్టం అడ్డొచ్చింది. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు సమ్మె హక్కు తమకుందని క్రీడాకారిణుల సంఘం అంటే, ఫెడరేషన్ చికాగో కోర్టుకు వెళ్లింది. పాత ఒప్పందంలోని 'సమ్మె చేయరాదు' అన్న నిబంధన ఆ ఏడాది డిసెంబరు 31 దాకా అమల్లో ఉందని జూన్‌లో తీర్పు వచ్చింది. ఒప్పందం గడువు తీరాకే సమ్మె ఆయుధమవుతుంది. 2000 జనవరిలో మహిళలు ఆస్ట్రేలియా టోర్నీకి వెళ్లకుండా నిలబడి కొత్త ఒప్పందం సాధించుకున్నారు. అప్పుడు ఫెడరేషన్ కుర్ర జట్టును పంపింది. 2005లో పురుషుల వంతు వచ్చింది. ప్రపంచకప్ క్వాలిఫయర్‌కు ముందు జీతాల చర్చలు తెగకపోతే, కింది లీగ్‌ల ఆటగాళ్లతో ప్రత్యామ్నాయ జట్టును సిద్ధం చేసుకుంది. చివరికి రాజీ కుదిరి అసలు జట్టే ట్రినిడాడ్ వెళ్లి 2–1తో గెలిచింది.

ప్రశ్న: మన బీసీసీఐ కూడా సమాన వేతనం ఇస్తోంది కదా. రెండూ ఒకటేనా?
– ఒక క్రికెట్ అభిమాని, వరంగల్

జవాబు: కాదు. 2022 అక్టోబరులో బీసీసీఐ సమానం చేసింది మ్యాచ్ ఫీజును: టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6 లక్షలు, టీ20కి 3 లక్షల రూపాయలు. హైదరాబాద్ అమ్మాయి మిథాలీ రాజ్ అదే ఏడాది జూన్‌లో రిటైరైంది, ఆమెకు ఆ ఫీజు అందనే లేదు. వార్షిక కాంట్రాక్టులు అప్పుడు మారలేదు. అప్పట్లో పురుషుల్లో పై గ్రేడుకు 7 కోట్లు ఉంటే, మహిళల్లో పై గ్రేడుకు 50 లక్షలు ఉండేవి. పైగా మహిళలు ఆడే టెస్టులు చాలా తక్కువ, కాబట్టి 15 లక్షల రేటు ఉన్నా దాన్ని అందుకునే అవకాశాలు తక్కువ. అమెరికాలో మ్యాచ్ ఫీజు సమానం కావడమే కాదు, ప్రపంచకప్ డబ్బు కూడా ఉమ్మడి ఖాతాలోకి వెళ్తుంది. ఇంకో తేడా, అక్కడ రెండు జట్లకూ సంఘాలున్నాయి, రేట్లు బేరమాడి కుదుర్చుకున్నవి. ఇక్కడ బోర్డు ప్రకటించింది, బోర్డే మార్చగలదు.

ప్రశ్న: అమెరికా ఒప్పందం ఎంతకాలం?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: 2028 చివరి దాకా. అయితే 2026 పురుషుల, 2027 మహిళల ప్రపంచకప్‌ల ప్రైజ్‌మనీలో రెండు జట్లకు కలిపి వెళ్లేది 90 శాతం కాదు, 80.