రైల్లో ఫైలు తెరుచుకోకపోతే

ప్రశ్న: సర్వే పని మీద తరచూ విజయవాడ నుంచి విశాఖ వెళ్తుంటాను. రైల్లో ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని లాప్‌టాప్‌లో వన్‌డ్రైవ్ ఫైళ్లు తెరవబోతే, సిగ్నల్ నిండుగా ఉన్నా చక్రం తిరుగుతూనే ఉంటుంది. మొన్నయితే నేను మార్చిన ఎక్సెల్, ఆఫీసులో మార్చినది రెండు వేర్వేరు కాపీలైపోయాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: బయల్దేరే ముందు ఫోల్డర్ తెరిచి ఫైళ్ల పక్కన గుర్తులు చూడండి. నీలం మేఘం ఉందంటే మీ దగ్గరున్నది పేరు మాత్రమే, అసలు ఫైలు తెరిచినప్పుడే దిగుతుంది. తెల్ల గుండ్రంలో పచ్చ టిక్కు ఉంటే ఫైలు ఉన్నట్టే, కానీ డిస్క్‌లో చోటు తగ్గితే విండోస్ దాన్ని తీసేయొచ్చు. నిండు ఆకుపచ్చ గుండ్రంలో తెల్ల టిక్కు కనిపిస్తేనే ధీమాగా రైలెక్కండి. అది రావాలంటే ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి 'ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్' నొక్కి, డౌన్‌లోడ్ పూర్తయ్యేదాకా ఆగాలి.

సిగ్నల్ గీతలను నమ్మకండి. అవి టవర్ ఎంత బాగా అందుతోందో చెబుతాయి గానీ డేటా ఎంత వస్తోందో చెప్పవు. పైగా దారిలో ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు పోతే, లైను రద్దీగా ఉందనుకుని టీసీపీ (నెట్‌లో డేటాను చేరవేసే పద్ధతి) తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. అసలు నెట్ లేకపోతే ప్రోగ్రామ్ వెంటనే ఆ మాట చెప్పేస్తుంది, వచ్చీ పోయే నెట్‌తోనే ఈ టెన్షనంతా.

దీని మీద 1987లోనే, మద్రాసు ఐఐటీలో చదివిన సత్యనారాయణన్ బృందం అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో 'కోడా' అనే ఫైల్ సిస్టమ్ (ఫైళ్లను దాచి, అందించే సాఫ్ట్‌వేర్) మొదలుపెట్టింది. దాని పద్ధతి ఇదీ: కావలసిన ఫైళ్లు ముందే లాప్‌టాప్‌లో నింపుకోవడం, నెట్ లేనప్పుడు చేసిన మార్పులన్నీ ఒక లాగ్‌లో, అంటే చిట్టాలో రాసుకోవడం, నెట్ కలిశాక సర్వర్‌కు పంపడం. నాకు బాగా నచ్చేది, లైను బలహీనంగా ఉంటే మార్పుల్ని వెంటనే పంపకుండా మామూలుగా 10 నిమిషాలు నాననివ్వడం; ఈలోగా మీరు అదే ఫైలును నాలుగుసార్లు సేవ్ చేసినా చివరిది ఒక్కటే వెళ్తుంది, సృష్టించి చెరిపేసిన ఫైలైతే అసలు వెళ్లనే వెళ్లదు.

మీరూ రైల్లో ఉన్నంతసేపు వన్‌డ్రైవ్‌లో 'పాజ్ సింకింగ్' పెట్టి, విశాఖలో మంచి వైఫై దొరికాక తీసేయండి.

ఇక రెండు కాపీల సంగతి. ఒకే గడిలో మీరు ఒక అంకె, ఆఫీసువాళ్లు ఇంకో అంకె వేస్తే ఏది సరైనదో ఏ సాఫ్ట్‌వేరూ తేల్చలేదు, కోడా కూడా అలాంటివి మనిషికే వదిలేసేది. అందుకని ఫీల్డ్ లెక్కలకు మీ పేరుతో విడిగా ఒక ఫైలు పెట్టుకోండి, అందులో ఇంకెవరూ చెయ్యి పెట్టకుండా చూసుకోండి, ఆఫీసుకొచ్చాక అసలు దాంట్లో కలపండి.